ఎడమచేతి లైల్, కుడిచేతి కార్డు

బెర్నడీన్ కుజావా ఆటగాళ్ళ ఫోటోలుండే బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్టు విప్పుతుంటే చూడాలి. ముందు చేతులు కడుక్కుని, ఏప్రన్‌కి ఒకటికి రెండుసార్లు తుడుచుకుంటుంది. వరండా మెట్ల మీద కూర్చుని, కాఫీ కప్పు చెయ్యి తగలనంత దూరం జరిపి, ప్యాకెట్టు వెనక మడతని గోటితో మెల్లగా లేపుతుంది. మైనపు కాగితం చిరగకూడదు. చిరిగిందంటే ఆ పూటకి శకునం బాగోలేదని లెక్క. విప్పగానే కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. కార్డులకి అతుక్కుని గులాబీరంగు బబుల్‌గమ్ పలక ఒకటి ఉంటుంది, పైన పంచదార పొడి చల్లినట్టు. కొరికితే పెంకుముక్క కొరికినట్టే, రుచీ పచీ ఉండదు. కానీ ఆ వాసన ఉందే, అరవై దాటిన బెర్నడీన్‌ని పట్టుకుని రెండు జడల పిల్లని చేసి పారేస్తుంది.

తరవాత కార్డులన్నీ బోర్లా పెట్టుకుని, అడుగు నుంచి ఒక్కొక్కటే లాగుతుంది.

"ఉంది. ఉంది. ఉంది. ఓరి నీ దుంపతెగ, మళ్ళీ నువ్వేనా! ఉంది... ఉంది... ఆఁ! లేదు! లేదు! లేదు!"

ఎవరింట్లోనైనా 'లేదు' అంటే బెంగ. పాలు లేవు, పిండి లేదు, మిల్లులో పని లేదు. బేస్‌బాల్ కార్డులు దాచుకునే ఇంట్లో మాత్రం 'లేదు' అంటే పండగ. మన దగ్గర లేనిది ఇప్పుడే చేతికొచ్చిందన్నమాట.

కంచెకి అవతల బట్టలు ఆరేస్తున్న హెడీ ఆ కేక విని తల ఎత్తింది. హెడీ కుజావా వారి ఆడబడుచు, అంటే బెర్నడీన్ మొగుడు కజిమిర్‌కి చెల్లెలు. కజిమిర్ పోయాక కూడా ఆ కంచె దగ్గర వదినా ఆడబడుచుల వాగ్వాదం ఒక్క రోజు ఆగలేదు.

"ఏం వదినా, పొద్దున్నే ఎవడు దొరికాడు?"

"టెక్సస్ వాడే! ఎంత పొడుగున్నాడో చూడు. ఆటలుండని చలికాలంలో శవపేటికలు తయారుచేస్తాడట!"

"నీకు పనికొస్తాడు, అట్టేపెట్టుకో."

"ముందు నీకు కొలతలు తీయిస్తాలే."

ఆ శవపేటికల సంగతి కార్డు వెనక రాసుంది. బెర్నడీన్‌కి ఈ పిచ్చి పట్టడానికి అసలు కారణం ఆ వెనక వైపే. కార్డుకి ముందు మొహం, వెనక జాతకం. ఎక్కడ పుట్టాడు, ఎత్తెంత, బరువెంత, బంతి ఏ చేత్తో విసురుతాడు, ఏ ఏడు వెలిగాడు, ఏ ఏడు చతికిలబడ్డాడు, అన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసి ఉంటాయి. అడుగున చిన్న బొమ్మతో ఒక ముచ్చట: ఈయనకి కప్పలంటే భయం, ఆయన అక్కచెల్లెళ్ళు తొమ్మండుగురు. పక్కవీధిలో కొత్తగా దిగినవాళ్ళ ఇంట్లో కర్టెన్లు ఏ రంగో తెలిసేదాకా నిద్రపట్టని మనిషికి, దేశంలో ఉన్న ఆటగాళ్ళందరి కాపురాలూ బబుల్‌గమ్‌తోపాటు ఇంటికొస్తుంటే ఇంకేం కావాలి! కాగితం మిల్లు క్యాంటీన్‌లో గరిటె తిప్పిన రోజుల్లో ఆమె ఏప్రన్ జేబులో ఎప్పుడూ నాలుగు కార్డులుండేవి. సూపు పోస్తూ, "నీ దగ్గర ఫలానావాడు ఉన్నాడా?" అని అడిగేది. ఉంటే గిన్నెలో మాంసం ముక్క పెద్దది పడేది.

మిల్‌కోవ్ చిన్న ఊరు, చిన్న జట్టు. మల్లార్డ్స్, అంటే అడవిబాతులు, అని గంభీరంగా పేరు పెట్టారు గానీ, ఏరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అందరూ వాళ్ళని 'బాతులు' అనే అంటారు. బాతుల్లో ఆడే కుర్రాళ్ళకి వచ్చే జీతం బూట్లకీ సబ్బుకీ సరిపోతుంది. అందుకని ఊళ్ళో వాళ్ళే వేసవి పొడుగునా తలా ఒక కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని తిండి పెడతారు. బెర్నడీన్ మేడ మీద వెనకగది ఎన్నో వేసవుల నుంచి వాళ్ళదే. ఆ గదిలో పడుకున్నవాళ్ళలో ఒకరిద్దరు పెద్ద జట్లకి వెళ్ళారు, ఎక్కువమంది టైర్లు అమ్ముకుంటున్నారు. ఎవడేమైనా ఒకటే న్యాయం: తన చేతి పియెరోగీలు, అంటే లోపల కూర పెట్టి ఉడికించే పోలిష్ కజ్జికాయలు, తిన్న ప్రతివాడి కార్డూ ఆమె ఆల్బమ్ మొదటి పేజీల్లో ఉండాల్సిందే. ఒక్కటి తప్పిపోకూడదు. ఆ పేజీలకి ఆమె పెట్టుకున్న పేరు 'ఇంటివాళ్ళు'.

ఆ ఏడు వచ్చినవాడు లైల్ న్యూకర్క్. నెబ్రాస్కా మొక్కజొన్న చేలల్లోంచి ఊడిపడిన ఎడమచేతి పిచర్. పిచర్ అంటే బంతి విసిరేవాడు. మనిషి గరిటె కాడలా సన్నం, తిండి మాత్రం ఆంబోతు. వాడి కార్డు పోలీసుల దగ్గర నుంచి రావాలి. ఎందుకంటే ఆ వేసవి బాతుల కార్డులు దుకాణంలో పెట్టలేదు. పిల్లలకి పోలీసులంటే భయం పోవాలని, వారానికి ఒక ఆటగాడి కార్డు చొప్పున గస్తీ తిరిగే పోలీసుల చేతే పంచిపెట్టించారు. ముందు వైపు ఆటగాడు, వెనక ఒక నీతి: రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూడు, అగ్గిపెట్టెతో ఆడకు, అలాంటివి. పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళకి ఇవ్వరు.

దాని గురించి బెర్నడీన్ ఏమీ దిగులుపడలేదు. పోలీసుల దగ్గర పిల్లలు పుచ్చుకోవడం, పిల్లల దగ్గర ఈమె పుచ్చుకోవడం. వారం వారం వరండా మెట్ల మీద సంత. ఒక్క పోలీసు కార్డుకి తన దగ్గర రెండోవిగా పడున్న పెద్ద జట్ల కార్డులు మూడు ఇచ్చేది. పిల్లలు ఎగబడేవాళ్ళు. బేరం కుదిరి చేతులు తాకితే అంతే, ఇంటికెళ్ళి ఏడ్చినా వెనక్కి లేదు. అలా బాతులందరూ వరసగా వచ్చి ఆల్బమ్‌లో కూర్చున్నారు.

లైల్ వారం వచ్చింది. బెర్నడీన్ పొద్దున్నే మెట్లమీద మూడు కార్డులు కాదు, అయిదు పేర్చుకుని కూర్చుంది. ఒక్క పిల్లా రాలేదు. చివరికి ఎదురింటి పెట్రా సైకిల్ మీద పోతుంటే కేకేసింది.

"ఏమే పెట్రా, మా లైల్ కార్డు వచ్చిందా?"

"వచ్చింది బాబ్చా. ఇవ్వను."

బాబ్చా అంటే పోలిష్‌లో మామ్మ. వీధి పిల్లలందరికీ ఆమె బాబ్చాయే.

"అయిదిస్తానే!"

"యాభై ఇచ్చినా ఇవ్వను. మా నాన్న దాన్ని గాజు పెట్టెలో పెట్టాడు. అది తప్పు కార్డు!"

"తప్పేమిటే? చూపించి పో. ముట్టుకోనులే, ఒట్టు."

పెట్రా ఇంట్లోకెళ్ళి పెట్టెతో సహా పట్టుకొచ్చింది, తన ముక్కుకీ బాబ్చా ముక్కుకీ మధ్య పిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని. బెర్నడీన్ కళ్ళజోడు సర్దుకుంది. లైలే. అదే వెర్రి నవ్వు. గ్లోవ్ ఎడమచేతికి ఉంది, బంతి కుడిచేతిలో ఉంది.

"వీడు ఎడమచేతివాడు కదే!"

"అదే కదా! ఫోటో తిరగేసి అచ్చేశారట. వెనక చూడు ఇంకా బావుంటుంది."

వెనక వైపు పెద్ద అక్షరాల్లో ఆ వారం నీతి: 'ఎల్లప్పుడూ నిజమే చెప్పు.'

బెర్నడీన్‌కి నవ్వు ఎక్కడినుంచి పుట్టిందో గానీ మెట్లమీద కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. ఊరంతా అలాగే నవ్వింది. నవ్వనిది పోలీసు పెద్ద ఒక్కడే. మధ్యాహ్నానికల్లా పంచగా మిగిలిన లైల్ కార్డులన్నీ మూట కట్టి వెనక్కి పంపేయమని ఆయన ఆర్డరు వేశాడు. దాంతో పంచినవాటికి రెక్కలొచ్చాయి. ఎవరూ మార్చరు, ఎవరూ ఇవ్వరు. తప్పు కార్డుకున్న గిరాకీ ఒప్పు కార్డుకి ఎప్పుడూ ఉండదు.

సాయంత్రానికి బెర్నడీన్ నవ్వు ఆగిపోయింది. ఇంటివాళ్ళ పేజీలో అందరూ ఉన్నారు, ఇంట్లో ఉన్నవాడొక్కడే లేడు.

రాత్రి భోజనాల దగ్గర లైల్ బంగాళదుంప పియెరోగీలు పళ్ళెంలో గుట్ట పోసుకుంటుంటే, ఆమె ఎదురుగా కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"లైల్, ఒక మాట అడుగుతా. ఫోటో తిరగేస్తే చొక్కా మీద అక్షరాలు కూడా తిరగబడాలి కదా?"

లైల్ నమలడం ఆపాడు.

"పెట్రా కార్డులో నీ చొక్కా మీద అక్షరాలు చక్కగా ఉన్నాయి."

"మేడమ్..."

"ఎవడి గ్లోవ్‌రా అది?"

"మా జట్టులో కుడిచేతివాడు బెనవిడెస్‌ది, మేడమ్," అన్నాడు లైల్, చెవులు బీట్‌రూట్ ముక్కల్లా ఎర్రబడిపోయి. "ఫోటోల రోజున ఊరికే తొడుక్కున్నా. ఫోటో తీసేవాడు కనిపెడతాడనుకున్నా. వాడు 'నవ్వు' అన్నాడు, నవ్వేశా. అయిపోయింది. మా మేనేజర్‌కి చెప్పకండి, నా చేత వారం రోజులు తువ్వాళ్ళు ఉతికిస్తాడు."

"చెప్పను. కానీ నీ దగ్గర ఒక్కటైనా ఉందా?"

"మాకు ఇవ్వలేదు మేడమ్. పిల్లలకేగా."

"పనికిమాలినవాడా! నీ మొహం నీ దగ్గరే లేదూ!" అని తిడుతూనే ఇంకో రెండు పియెరోగీలు వేసింది.

మర్నాడు బేకరీ ముందు గస్తీ పోలీసు డెల్బర్ట్ స్ట్రూప్ దొరికాడు. డెల్బర్ట్ నలభైకి దగ్గర పడ్డ ఆజానుబాహువు, రూలు తప్పని మనిషి. సొంత బావమరిదికే తప్పుగా బండి ఆపాడని జరిమానా చీటీ రాసిన ఘనుడు. బెర్నడీన్ గసగసాల రొట్టె సంచీ చంకన పెట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది.

"ఒరే డెల్బర్టూ, నాకొక లైల్ ఇప్పించు."

"కుజావాగారూ, అవన్నీ వెనక్కి పంపేశాం. పంపకపోయినా మీకివ్వకూడదు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకే."

"ఆ కుర్రాడికి నెలల తరబడి వండిపెట్టింది నేనా, ఆ పిల్లలా?"

"రూలు రూలేనండి."

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి చికెన్ సూపు మోసుకొచ్చింది ఎవర్రా? అప్పుడు నేను అడిగానా, ఈ పిల్లాడికి ఎన్నేళ్ళు అని?"

బేకరీలో ఉన్నవాళ్ళు రొట్టెలు కోయడం మాని కిటికీ దగ్గరికి చేరారు. డెల్బర్ట్ మొహం ఎర్రబడింది. టోపీ ఒకసారి తడుముకుని, "రూలండీ," అని మళ్ళీ అనేసి గబగబా వెళ్ళిపోయాడు. ఆ టోపీ ఎందుకు తడుముకున్నాడా అని బెర్నడీన్ మనసుని సాయంత్రం దాకా తొలుస్తూనే ఉంది.

సమాధానం తనంతట తానే గుమ్మం దాకా నడిచొచ్చింది. డ్యూటీ దిగి, యూనిఫాం విప్పేసి, టోపీ మాత్రం చేత్తో పట్టుకుని డెల్బర్ట్ వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"పొద్దున అందరిముందూ కొంచెం కటువుగా మాట్లాడాను. ఏమీ అనుకోకండి. మా అమ్మకి చెప్పకండి."

"లోపలికి రా. కాలు తుడుచుకో."

లోపల వంటింటి బల్ల కనిపించడంలేదు. అంతా కార్డులే. మనసు బాగోలేనప్పుడు బెర్నడీన్ పాత సెట్లు తీసి వరసలు పేరుస్తుంది. ఆ రోజు తీసినది ఈ ఇల్లు కొన్న ఏటి సెట్టు, మొదటినుంచి చివరిదాకా ఒక్కటీ తగ్గకుండా ఉన్నది. పిచ్చి నాకు లేదంటూనే కజిమిర్ రోజూ టిఫిన్ డబ్బాలో ప్యాకెట్లు దాచుకొచ్చి పూర్తి చేయించిన సెట్టు అది. నిండిన రోజు ఇదే వంటింట్లో పెళ్ళాం నడుం పట్టుకుని పోల్కా డాన్సు చేశాడు. హెడీ కూడా అక్కడే ఉంది. కార్డులంటే తనకి పడదని చెప్పడానికే వచ్చి, గంటనుంచి కూర్చుని వరసలు అందిస్తోంది.

డెల్బర్ట్ బల్ల దగ్గరికి వచ్చాడు. వంగాడు. పెదవులు కదలడం మొదలుపెట్టాయి.

"ఉంది... ఉంది... ఉంది... ఇదీ ఉంది..."

వదినా ఆడబడుచులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఉంది... ఉంది..." ఉన్నట్టుండి అంత మనిషీ గంతేశాడు. "లేదు!"

అతని వేలు ఒక కార్డు మీద ఆగింది. వర్న్ డోబ్సన్. నోరు తెరుచుకుని, ఈగ దూరినట్టు చూస్తున్న ఒక నాసిరకం ఆటగాడు.

"ఒరే, నువ్వూ మాలో వాడివేనా!" అంది బెర్నడీన్.

"మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదండి," అన్నాడు డెల్బర్ట్. "ఆ ఏటి సెట్టులో నాకు వీడొక్కడే తక్కువ. చిన్నప్పుడు ఉండేవాడు. సైకిల్ చక్రంలో కార్డు పెట్టి, బట్టల క్లిప్పుతో బిగిస్తే మోటారు సైకిల్లా చప్పుడొస్తుంది కదా? మంచివాణ్ణి పెడితే పాడైపోతాడని, పనికిరాడు కదా అని వీణ్ణి పెట్టాను. సెలవులయ్యేసరికి పీచు మిగిలింది. అప్పట్నుంచీ వెతుకుతున్నా. అందరూ వీణ్ణే పెట్టినట్టున్నారు చక్రాల్లో, ఎక్కడా లేడు!"

"ఆ వేసవంతా మా వీధిలో టపటపలాడించి కజిమిర్‌ని నిద్రపోనివ్వనిది నువ్వేనన్నమాట!"

డెల్బర్ట్ వినడంలేదు. టోపీ తిరగేశాడు. లోపలి పట్టీలోంచి ఒక కార్డు తీసి బల్లమీద పెట్టాడు. కుడిచేత్తో బంతి పట్టుకుని నవ్వుతున్న లైల్!

బెర్నడీన్ రెండు చేతులూ ఏప్రన్‌కి తుడుచుకుంది.

"ఇది పంచేవాటిలోది కాదండి. ప్రతి వారం మా ఒక్కొక్కరికి ఒకటి ఉంచుకోమని ఇస్తారు. ఇది నాది. మీకు ఊరికే ఇస్తే రూలు తప్పినట్టు. కానీ మార్చుకోకూడదని ఎక్కడా లేదు."

"నాకున్న డోబ్సన్ ఒక్కడేరా!"

"తెలుసండి."

"వాడి బదులు వీణ్ణి తీసుకో. వీడు నాకు మూడున్నాడు. వీడూ, వీడూ, ఆ పొడుగువాడూ... అందర్నీ తీసుకో."

"వాళ్ళంతా నాకున్నారండి. డోబ్సనే కావాలి."

"ఓరి బండరాయీ!"

"వదినా, ఇవ్వకు!" అని అరిచింది హెడీ, కుర్చీలోంచి లేచిపోయి. "నిండు సెట్టు! అన్నయ్య కట్టిన సెట్టు! మధ్యలో పన్ను ఊడినట్టుంటుంది!"

"నువ్వు కార్డులంటే చిన్నపిల్లల ఆటన్నావుగా?"

"అన్నా, అయితే? ఇవ్వకు!"

బెర్నడీన్ లేచి బల్ల చుట్టూ తిరిగింది. ఇటు చూస్తే నోరు తెరిచిన డోబ్సన్, అటు చూస్తే నవ్వుతున్న లైల్. నిండుగా ఉన్నదాన్ని చేజేతులా వెలితి చేసుకోవడం కార్డులవాళ్ళకి ఎంత కష్టమో కార్డులవాళ్ళకే తెలియాలి. ఆమె డోబ్సన్‌ని ఎత్తి వెనక్కి తిప్పింది. కొలరాడోలో పుట్టాడు. చలికాలంలో పాలు పోస్తాడు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చదివిందో. చదవడమే గానీ, మనిషిని చూసింది లేదు. మళ్ళీ ముందుకి తిప్పి, ఆ తెరిచిన నోట్లోకి నిదానంగా చూసింది.

"హెడీ, ఈ డోబ్సన్ ఎప్పుడైనా మన ఇంట్లో భోంచేశాడా?"

"ఎలా చేస్తాడు?"

"అంతే కదా," అంది బెర్నడీన్, కార్డు డెల్బర్ట్ ముందుకి తోసి. "తీసుకో. చక్రంలో పెట్టావంటే మీ అమ్మకి చెప్తా."

చేతులు తాకాయి. బేరం ముగిసింది. ఆ తరవాత వంటింట్లో జరిగింది ఊళ్ళో చెప్పినా ఎవరూ నమ్మరు. డెల్బర్ట్ స్ట్రూప్ అంతటివాడు వర్న్ డోబ్సన్‌ని గుండెకి హత్తుకుని స్టవ్వు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. బెర్నడీన్ లైల్‌ని నెత్తిమీద పెట్టుకుని రెండు చుట్లు తిరిగింది. హెడీ 'మీకు పిచ్చి, ఇద్దరికీ పిచ్చి' అంటూనే తిరగలేక తిరగలేక వాళ్ళ వెనక పడింది. షెల్ఫులో గిన్నెలన్నీ గలగలలాడాయి.

ఆట ముగించుకుని లైల్ వచ్చేసరికి అతని కార్డు ఇంటివాళ్ళ పేజీలో, తన గడిలో కూర్చుని ఉంది. బెర్నడీన్ దాన్ని అతని ముందు తెరిచి పెట్టి, పక్కన పియెరోగీల పళ్ళెం పెట్టింది.

లైల్ సిగ్గుగా నవ్వాడు. "నేను ఇక్కడే ఉన్నాను కదా మేడమ్, ఇంక కార్డెందుకు?"

"నువ్వు సెప్టెంబర్‌లో వెళ్ళిపోతావు. వీడు వెళ్ళడు," అంది. పళ్ళెం అతని ముందుకి తోస్తూ, "పైగా వీడు తిండి అడగడు," అంది.

"సంతకం చెయ్యనా?" అంటూ లైల్ కలం తీశాడు.

ఆమె ఆల్బమ్ ఒళ్ళోకి లాక్కుంది. "గీత గీశావంటే చెయ్యి విరిచేస్తాను."

"ఏ చెయ్యి మేడమ్?"

"రెండూ!"

లైల్ పకపకా నవ్వి కలం జేబులో పెట్టుకున్నాడు. కార్డు వైపు ఒకసారి చూసుకుని, దానికి సరిపోవాలని కాబోలు, ఫోర్కు బుద్ధిగా కుడిచేతిలోకి మార్చుకున్నాడు. మొదటి పియెరోగీ తిన్నగా వెళ్ళి ఒళ్ళో పడింది.